అప్‌డేట్: మినీ ట్రాక్టర్ తీసుకున్నాం, రోటవేటర్ సంగతి కూడా తేలింది

పత్తి సాళ్లలో తిరగడానికి మినీ ట్రాక్టర్‌కి ఏ ఆప్షన్లు, ఏ పనిముట్లు మంచివని అడిగాను కదా, ఓపికగా చెప్పిన అన్నలందరికీ థ్యాంక్స్. 24 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకున్నాం. మాది సిరోంచ దగ్గర నల్లరేగడి, వాన పడ్డ మర్నాడు టూ వీల్ డ్రైవ్ బండి దిగబడి కదలదు, అందుకే ఆ అదనపు డబ్బు దండగ కాదంటాను.

అసలు చర్చంతా రోటవేటర్ (ట్రాక్టర్ వెనక తగిలించి, తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు) దగ్గరే. డీలర్ 4 అడుగుల వెడల్పుదే తీసుకోమని పట్టుబట్టాడు. మీరు చెప్పినట్టే వెనక టైర్ల బయటి అంచుల మధ్య టేపు పెట్టి కొలిస్తే 3 అడుగుల లోపే వచ్చింది, మా సాళ్లు 4 అడుగులు, అంటే 3 అడుగులదైతే టైర్ల అచ్చులు చెరిపేస్తుంది, మొక్కలకు తగలదు, ఇంజిన్ మీద లోడ్ కూడా తక్కువ. అదే తెచ్చాం.

డబుల్ క్లచ్ మాత్రం వదలొద్దు. సింగిల్ క్లచ్‌లో పెడల్ తొక్కగానే పీటీఓ (వెనక తగిలించిన పనిముట్లను తిప్పే షాఫ్ట్) కూడా ఆగిపోతుంది, మందు కొట్టేటప్పుడు బండి ఆగినా పంపు తిరుగుతూ ఉండాలి కదా! వరి మడికి కేజ్ వీల్స్ (బురదలో నడవడానికి వేసే ఇనుప చక్రాలు) ఈ ఏడు అద్దెకే తెస్తాం.