చర్చ: వేట కోసం కాంపౌండ్ విల్లు – స్పీడు చూసుకోవాలా, లాగడంలో సుఖం చూసుకోవాలా?

కొత్తగురి:
అందరికీ నమస్కారం. పాత విల్లు మార్చాలనుకుంటున్నాను. రెండు మోడళ్ల మధ్య ఆగిపోయాను. ఒకదాని ఐబీఓ స్పీడు (ప్రామాణిక పరీక్షలో వచ్చే వేగం) 350 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు), బ్రేస్ హైట్ (లాగకముందు పిడికీ స్ట్రింగ్‌కీ మధ్య దూరం) 6 అంగుళాలు. రెండోది 325, బ్రేస్ హైట్ 7. రెండూ లాగడానికి 70 పౌండ్ల బలం కావాల్సినవే. నా డ్రా లెంగ్త్ (స్ట్రింగ్‌ని వెనక్కి లాగే పొడవు) 28.5 అంగుళాలు, బాణం బరువు 450 గ్రెయిన్లు. వేట జింకలకే, 40 గజాలు దాటి వెయ్యను. మొదటిది లాగుతుంటే చివరిదాకా బరువు వదలదు. రెండోది హాయిగా వచ్చేస్తుంది. అయినా 25 ఎఫ్‌పీఎస్ వదులుకోవాలంటే మనసొప్పడం లేదు. రెండు రకాలూ వాడినవాళ్లు కాస్త చెప్పండి.

పాతనారి:
ముందు ఆ 350 సంగతి తేల్చుకుందాం. ఐబీఓ రేటింగ్ అంటే 70 పౌండ్లు, 30 అంగుళాల డ్రా, 350 గ్రెయిన్ల బాణం. మీవి ఇందులో రెండు కలవవు. డ్రా లెంగ్త్ అంగుళం తగ్గితే సుమారు 10 ఎఫ్‌పీఎస్ పోతుంది. బాణంలో పెరిగే ప్రతి 3 గ్రెయిన్లకు ఒకటి చొప్పున తీసేయండి. స్ట్రింగ్ మీద పీప్, డి-లూప్, సైలెన్సర్లు లాంటి చిన్న సామాన్లు పెడితే అవి ఇంకొంచెం తింటాయి. అన్నీ పోను మొదటిది మీ చేతిలో 300 దగ్గర ఉంటుంది, రెండోది 275 దగ్గర. క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే యంత్రం) ముందు నిలబడితే ఇటూ అటూగా ఇదే కనిపిస్తుంది. డబ్బా మీద రాసిన అంకె చూసి కొనేవాళ్లు ఇక్కడే నీరుగారిపోతారు.

అంగుళంలెక్క:
పాతనారి గారి అంకెలే తీసుకుని లెక్క వేశాను, గాలి నిరోధం వదిలేసి. జంతువు 30 గజాల్లో ఉందనుకుని 30 పిన్‌తో (ఆ దూరానికి పెట్టుకున్న గురి గుర్తుతో) వేశారు, నిజానికి అది 35లో ఉంది. 300 ఎఫ్‌పీఎస్ విల్లుతో బాణం సుమారు 3.4 అంగుళాలు కిందకి తగులుతుంది. 275తో 4 అంగుళాలు. అంటే తేడా అర అంగుళం పైచిలుకు. 40 అనుకుని 45లో ఉన్నదాన్ని వేస్తే 4.3కి 5.2, అప్పుడు కూడా అంగుళం లోపే. మీరు తలపట్టుకుంటున్న 25 ఎఫ్‌పీఎస్ విలువ ఇంతే. 70 పౌండ్లు అతికష్టం మీద లాగి, చెయ్యి వణుకుతుండగా వదిలితే గురి ఎన్ని అంగుళాలు తప్పుతుందో మీ టార్గెట్ మీద మీరే కొలుచుకోండి.

రయ్‌రయ్:
లెక్క బాగుంది గానీ, జంతువు బొమ్మలా నిలబడి ఉంటుందనుకుని వేసిన లెక్క అది. స్ట్రింగ్ చప్పుడు వినగానే జింక కాళ్లు ముడిచి కిందకి దిగుతుంది, పరుగందుకోడానికి. 30 గజాలకు శబ్దం 0.08 సెకన్లలో చేరిపోతుంది. బాణానికి 300 ఎఫ్‌పీఎస్‌తో అయినా 0.30 సెకన్లు పడుతుంది. ఆ మధ్యలో దానికి దొరికే టైమ్ ఎంత తగ్గితే అంత మంచిది కదా.

అంగుళంలెక్క:
@రయ్‌రయ్ నిజమే, తగ్గితే మంచిదే. కానీ ఎంత తగ్గుతోంది? 275తో 0.327 సెకన్లు. తేడా సెకనులో ముప్పయ్యో వంతు కూడా లేదు. శబ్దాన్ని దాటిపోయే విల్లు ఎవరూ తయారుచెయ్యలేదు, చెయ్యరు కూడా. జింక అసలు ఉలిక్కిపడకుండా ఉండాలంటే చప్పుడు తగ్గాలి. ఒకే విల్లులో తేలిక బాణం పెడితే చప్పుడు ఎక్కువ, బరువు బాణం పెడితే తక్కువ. బరువు బాణం విల్లులోని శక్తిని ఎక్కువగా తనతో పట్టుకుపోతుంది, తేలికదైతే ఆ మిగిలింది కంపనంగా, చప్పుడుగా బయటికొస్తుంది.

రయ్‌రయ్:
సరే, వేట పక్కన పెట్టండి. దూరం చెప్పకుండా జంతువు బొమ్మల మీద వేయించే 3డి పోటీల్లో నా ఫాస్ట్ విల్లు నాకు పాయింట్లు తెచ్చిపెడుతోంది. ఆ అర అంగుళమే అక్కడ గీతకి లోపలో బయటో తేల్చేది. దాన్ని మాత్రం వదలను.

చలికోటు:
పోటీకీ వేటకీ తేడా ఎక్కడంటే, వేటలో మన ఒళ్లు మన మాట వినదు. తెల్లవారక ముందు చెట్టు మీద మంచె ఎక్కి కూర్చుంటాం, మూడు నాలుగు గంటలు కదలం. చలికి భుజాలు బిగుసుకుపోతాయి, మీద మందపాటి కోటు. జంతువు అనుకున్న వైపు నుంచి రాదు. అప్పుడు నడుము తిప్పి, విల్లు పైకెత్తకుండా, నెమ్మదిగా లాగాలి. షాపులో వేడి గదిలో తిన్నగా నిలబడి 70 లాగడానికీ దీనికీ సంబంధమే లేదు. నేను వేసవంతా 70తో సాధన చేసి, సీజన్ ముందు 62కి దింపుకుంటాను. లింబ్ (విల్లు రెక్క) బోల్టులు రెండు వైపులా సమానంగా వదులు చేసి, మళ్లీ పిన్లు సరిచూసుకుంటే చాలు. ఎన్ని చుట్లు వదలొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, అది దాటొద్దు.

లాగేముందు విల్లుని ఆకాశం వైపు ఎత్తి, అక్కణ్ణుంచి కిందకి దించుతూ లాగేవాళ్లని చూస్తే చాలు, ఆ బరువు వాళ్లది కాదని తెలిసిపోతుంది. ఆ ఎత్తడమే జింక కంటపడేది.

కామ్‌మరమ్మతు:
"హాయిగా లాగొచ్చు" అని అందరూ ఒక్క ముక్కలో అనేస్తున్నారు. అందులో నాలుగైదు సంగతులున్నాయి, విడివిడిగా చూడాలి.

ఫాస్ట్ కామ్ (విల్లు కొసల్లో తిరిగే చక్రం) ఉన్నదాన్ని లాగి చూడండి. మొదటి రెండు మూడు అంగుళాల్లోనే బరువు 70కి ఎగబాకుతుంది. అక్కణ్ణుంచి దాదాపు చివరిదాకా 70 మీదే ఉంటుంది. చెయ్యి దవడ దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా కామ్ తిరగబడి, బరువు జారిపోయి, చెయ్యి వెనక్కి పడినట్టవుతుంది. మెత్తటి కామ్‌లో బరువు మెల్లగా ఎక్కుతుంది, పైన కాసేపే ఉంటుంది, మెల్లగా దిగుతుంది. రెండింట్లోనూ పీక్ (గరిష్ఠ బరువు) 70 పౌండ్లే! తూకం కట్టి చూస్తే ఒకే అంకె. భుజానికి మాత్రం మొదటిది ఐదారు పౌండ్లు ఎక్కువున్నట్టు అనిపిస్తుంది.

ఇందులో మాయ లేదు. విల్లులో చేరే శక్తి మన చేతిలోంచే రావాలి. ఎంత దూరం, ఎంత బరువుతో లాగామో అదే లోపల నిలవుంటుంది, అందులో కొంత పోను మిగిలింది బాణానికి చేరుతుంది. "స్పీడూ ఉంది, మెత్తగానూ ఉంది" అని ప్రకటన చూస్తే బ్రేస్ హైట్ ఎంతో చూడండి. అది తగ్గించి స్ట్రింగ్ బాణాన్ని నెట్టే దూరం పెంచి ఉంటారు. బ్రేస్ హైట్ తగ్గితే బాణం స్ట్రింగ్‌ని అంటిపెట్టుకుని ఉండే దూరం పెరుగుతుంది, ఆ లోపల మణికట్టు కాస్త మెలిపడినా బాణానికి తెలిసిపోతుంది. పైగా స్ట్రింగ్ కోటు చేతిని తాకే అవకాశమూ ఎక్కువే.

ఇక వ్యాలీ. ఫుల్ డ్రాలో, అంటే పూర్తిగా లాగి ఉన్నప్పుడు, కొంచెం ముందుకి జరిగినా విల్లు లాక్కుపోతుందా, లేక ఓర్చుకుంటుందా అన్నది. ఫాస్ట్ కామ్‌లకి వ్యాలీ చిన్నది. జింక తలెత్తి మీ వైపే చూస్తూ నిలబడిపోతే, ఆ నిమిషమంతా వెన్ను సడలించకుండా పట్టుకోవాలి. కొంచెం సడలిందా, చెయ్యి ముందుకి ఈడ్చేస్తుంది.

కొత్తగురి:
@కామ్‌మరమ్మతు ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ, థాంక్స్. ఒక ఆలోచన వచ్చింది. ఫాస్ట్ విల్లునే 60 పౌండ్ల లింబ్స్‌తో తీసుకుంటే? పది పౌండ్లు తగ్గితే 15 నుంచి 20 ఎఫ్‌పీఎస్ పోతుందంటున్నారు. అప్పుడు 280 దగ్గర ఉంటుంది, మెత్తటి 70కి సమానం. భుజానికి పది పౌండ్లు మిగులు కదా?

కామ్‌మరమ్మతు:
పది మొత్తం మిగలదు. స్పీడు సమానమంటే మీరు పెట్టే శక్తి కూడా ఇంచుమించు సమానమే. 70 దగ్గర కాసేపు కష్టపడటమా, 60 దగ్గర ఎక్కువసేపు కష్టపడటమా అన్నదే తేడా. కొందరి భుజానికి ఆ ఎత్తు ఇబ్బంది, కొందరికి ఆ నిడివి ఇబ్బంది. అయితే వ్యాలీ, బ్రేస్ హైట్ సమస్యలు 60లోనూ అలాగే ఉంటాయి, అవి లింబ్స్‌తో మారవు. నన్నడిగితే రెండోది 60లో కూడా లాగి చూడమంటాను.

పొట్టిచేతుల_అక్క:
మీ అందరివీ 28, 29 అంగుళాల మాటలు. నాది 26, 50 పౌండ్లు. 340 అని రాసున్న విల్లు నా చేతిలో 350 గ్రెయిన్ల బాణాన్ని 240 దగ్గర పంపిస్తుంది. నాలాంటివాళ్లకి స్పీడు కామ్ విలాసం కాదు, ఎంతోకొంత అవసరం. మెత్తటిది తీసుకుంటే 220కి పడిపోతాను.

అలాగని భయపడాల్సిందీ లేదు. బాణం బరువుని స్పీడు వర్గంతో గుణించి 450240తో భాగిస్తే శక్తి వస్తుంది. నాది దాదాపు 45 అడుగు-పౌండ్లు. బాణాల కంపెనీ ఈస్టన్ వాళ్ల పట్టికలో జింకలాంటి వాటికి 25 నుంచి 41 అని ఉంటుంది. 25 గజాలు దాటి వెయ్యను, బ్లేడు గొరిగేంత పదునుగా ఉంచుతాను. బాణం అటు పక్కకి దూసుకుపోతోంది.

ఒక్క మాట తమ్ముళ్లకి: స్పీడు కోసం డ్రా లెంగ్త్ అర అంగుళం పెంచి పెట్టుకునే అలవాటు మానండి. ఐదు ఎఫ్‌పీఎస్ కోసం ముఖం ముందుకి చాచి, ఎడమ మోచెయ్యి బిగబట్టి వెయ్యడం, తర్వాత ముంజేతి మీద వాతలు.

పాతనారి:
అక్కా, మీ లెక్క నూటికి నూరుపాళ్లు. చిన్న డ్రా వాళ్ల విషయంలో నేనూ స్పీడు వైపే.

భుజంనొప్పి:
భుజానికి రొటేటర్ కఫ్ ఆపరేషన్ అయ్యింది నాకు. 55 పౌండ్లు, మెత్తటి కామ్. జింకలు పడుతూనే ఉన్నాయి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

రయ్‌రయ్:
లెట్-ఆఫ్ (పూర్తిగా లాగాక చేతి మీద తగ్గే బరువు) సంగతి ఎవరూ ఎత్తలేదేం? 90 శాతం లెట్-ఆఫ్ ఉంటే 70 పౌండ్ల విల్లుని 7 పౌండ్లతో పట్టుకోవచ్చు. ఫాస్ట్ కామ్ అయినా పట్టుకోవడం సుఖమే కదా.

కామ్‌మరమ్మతు:
పట్టుకోవడం సుఖమే, కానీ లాగాక కదా. పైనుంచి 7కి దిగాలంటే ఆ జారుడు ఇంకా నిట్టనిలువుగా ఉంటుంది. పైగా చేతిలో బరువు మరీ తక్కువైతే పిన్ గాలికి ఊగుతుంది, రిలీజ్ శుభ్రంగా రాదు. నాకు 80 శాతం బాగా కుదిరింది, అంటే 14 పౌండ్లు. ఎంతసేపైనా ఆగగలను, వెన్ను మాత్రం పనిలోనే ఉంటుంది. 85 ఇష్టపడేవాళ్లూ చాలామంది ఉన్నారు, వాళ్లతో గొడవ లేదు. 90 మాత్రం నాకు నచ్చలేదు.

చలికోటు:
ఇంకోటి, ఫిక్స్‌డ్ బ్రాడ్‌హెడ్ (బ్లేడులు కదలని బాణపు మొన) వాడేవాళ్లు గమనించండి. స్పీడు 290 దాటేకొద్దీ విల్లు ట్యూనింగ్‌లో చిన్న తేడా ఉన్నా బ్లేడులు గాలిని పట్టి బాణాన్ని పక్కకి తీసుకుపోతాయి. 270లో క్షమించేసే తప్పు 300లో క్షమించదు. స్పీడు కోసం బాణం బరువు తగ్గించేవాళ్లు పౌండుకి 5 గ్రెయిన్ల కంటే దిగొద్దు, అది ఖాళీగా స్ట్రింగ్ వదిలినంత పని. లింబ్స్ పగిలితే వారంటీ కూడా వర్తించదు.

కొత్తగురి:
రెండూ మళ్లీ లాగి చూడాలనుకుంటున్నాను. ఏం గమనించాలి?

చలికోటు:
కుర్చీలో కూర్చుని రెండు కాళ్లూ నేల మీంచి ఎత్తి, విల్లు పైకెత్తకుండా, పిన్ టార్గెట్ మీదే ఉంచి లాగండి. వేటకి వేసుకునే కోటుతోనే. రాకపోతే రెండు పౌండ్లు దించి మళ్లీ చూడండి. వచ్చిన దగ్గర ఆగండి.

కామ్‌మరమ్మతు:
లాగాక వెయ్యకుండా నెమ్మదిగా వెనక్కి దించి చూడండి. వేటలో లాగిన ప్రతిసారీ వెయ్యం, దించాల్సి వస్తుంది. ఫాస్ట్ కామ్‌లు అసలు నైజం చూపించేది అప్పుడే, భుజాన్ని ఒక్క కుదుపు కుదుపుతాయి. దించేటప్పుడు బాణం తగిలించి, టార్గెట్ వైపే పట్టుకోండి, వేలు బాణం వదిలే ట్రిగ్గర్ వెనక ఉండాలి. ఖాళీ విల్లు జారితే మాత్రం విల్లు పోయినట్టే. తర్వాత పది బాణాలు వేసి, పదకొండోది మొదటిదానంత తేలిగ్గా వస్తుందా చూడండి.

పాతనారి:
షాపులో మాడ్యూల్ (కామ్‌లో బిగించే చిన్న ముక్క) సంగతి కూడా అడగండి. కొన్ని కంపెనీలు ఒకే కామ్‌లో రెండు రకాల సెట్టింగులు ఇస్తున్నాయి. బోటెక్‌లో ఫ్లిప్‌డిస్క్ అని ఉంది, ఒక వైపు పెడితే స్పీడు, తిప్పి పెడితే మెత్తదనం. మాథ్యూస్ స్విచ్‌వెయిట్ మాడ్యూళ్లతో లింబ్స్ మార్చకుండానే పీక్ బరువు మార్చుకోవచ్చు. మీరు చూసిన ఫాస్ట్ దాంట్లో అలాంటిదేమైనా ఉందేమో కనుక్కోండి. ఉంటే మెత్తటి వైపు పెట్టించి లాగి చూశాకే రెండోదానితో పోల్చండి.

అడ్మిన్:
వేటకి కనీస డ్రా వెయిట్ ఎంత ఉండాలన్నది ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకం, చాలా చోట్ల 40 పౌండ్ల దగ్గర ఉంటుంది. లెట్-ఆఫ్ మీద పరిమితి పెట్టిన చోట్లు కూడా ఉన్నాయి. బరువు దించుకునే ముందు మీ ప్రాంతం నిబంధనలు చూసుకోండి.

కొత్తగురి:
ఫాస్ట్ దాంట్లో మాడ్యూల్ ఒక్కటేనట, మెత్తటి సెట్టింగు లేదు. రెండోది 60, 70 రెండింట్లోనూ దొరుకుతుంది. 65 దగ్గర వాడాలనుకుంటే 70 లింబ్స్ దించి వాడటం మేలా, వేరే దారి ఉందా?

కామ్‌మరమ్మతు:
65 కావాలంటే 70 లింబ్స్ దించుకోవడమే. 60 లింబ్స్ పూర్తిగా బిగించినా పైకి ఒకటి రెండు పౌండ్లకంటే ఎక్కువ రావు. అదే మీకు 60 చాలనిపిస్తే మాత్రం 60వే తీసుకోండి. 70 లింబ్స్‌ని 60కి దించి వాడితే ఫుల్ డ్రాలో గోడకి తగిలి ఆగినట్టుండే ఆ గట్టిదనం కాస్త పోతుంది, స్పీడు కూడా ఒకటి రెండు తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని లాగాక ఏది వచ్చిందో ఇక్కడ రాయండి.