ఖిలా వరంగల్‌లో పాత పెంకుటిల్లు: పైకప్పు, వీధివైపు గోడ మార్చాలంటే అనుమతి ఎలా?

పాత_లోగిలి
రాతికోట గోడకు దగ్గర్లో మట్టిగోడల పెంకుటిల్లు. గూనపెంకులు తీసి స్లాబు వేయాలి, వీధివైపు గార కొత్తగా పూయాలి, అరుగు మీద గ్రిల్లు పెట్టాలి. కార్పొరేషన్ అనుమతి ఒక్కటే చాలదంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

ఓరుగల్లు_ప్లాను
దూరం తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. అది దాటాక ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. చాలామంది కీర్తితోరణం దగ్గర టేపు పట్టి "మాది 350 మీటర్లు, మాకేం సంబంధం" అనుకుంటారు. తోరణం నుంచి కాదండీ, నోటిఫై అయిన హద్దులో మీ ఇంటికి ఏ చోటు దగ్గరైతే అక్కడి నుంచి కొలుస్తారు. అదీ రోడ్డు వెంట కాదు, సూటిగా గీత గీసినట్టు. ఖిలా వరంగల్‌లో గోడలు, ద్వారాలు, తోరణాలు చుట్టూ ఉన్నాయి కాబట్టి హద్దు ఎక్కడుందో శాఖ మ్యాపులోనే చూసుకోవాలి.

నిషేధిత ప్రాంతంలో పడితే కొత్త కట్టడానికి అనుమతి ఉండదు. 1992 జూన్ 16కు ముందు నుంచే ఉన్న ఇంటికి మరమ్మతు, పునరుద్ధరణ మాత్రమే అడగొచ్చు. నియంత్రిత ప్రాంతంలో కొత్తగా కట్టడం, తిరిగి కట్టడం, మరమ్మతు, మూడూ అడగొచ్చు. కానీ మూడింటికీ ముందస్తు అనుమతి కావాలి. మరమ్మతే కదా అని వదిలేయకండి.

రేవతి_డ్రాయింగ్స్
పై మాటకు కొనసాగింపు. ఫైలు నిలిచేదీ పోయేదీ ఒక్క పదం మీదే. పురాతన కట్టడాల రక్షణకున్న 1958 నాటి కేంద్ర చట్టంలో మరమ్మతు అంటే ఉన్న కట్టడంలో మార్పులు. తిరిగి కట్టడం అంటే పాత కొలతల్లోనే, అదే ఎత్తు, అదే వైశాల్యం. పక్కకో పైకో పెరిగితే అది కొత్తగా కట్టినట్టే. ఒక్క అడుగు ఎత్తు పెరిగినా అంతే.

ఇక మీ స్లాబు సంగతి. 5 అంగుళాల స్లాబు చదరపు మీటరుకు సుమారు 310 కిలోలు తూగుతుంది. మట్టిగోడ దాన్ని మోయలేదు, పిల్లర్లు లేపాలి. పిల్లర్లంటే గోడ కూలగొట్టడం, అంటే తిరిగి కట్టడం. మీ ఇల్లు 100 మీటర్ల లోపు ఉంటే ఆ దారి మూసుకున్నట్టే. దరఖాస్తులో "మరమ్మతు" అని రాసి డ్రాయింగులో పిల్లర్లు చూపిస్తే ఫైలు అక్కడే ఆగుతుంది.

గార_పని
అసలు స్లాబు ఎందుకండీ? వాసాలు, దూలాలు గట్టిగా ఉంటే పెంకులు దింపి, పుచ్చిన వాసాలే మార్చి, అవే పెంకులు మళ్లీ నేయించండి. పనికొచ్చే పెంకులు కడిగి వీధివైపు వాలుకు వాడండి, కొత్తవి పెరటివైపు. మంగళూరు పెంకులకు మారితే రూపు మారుతుంది, కాబట్టి ఆ సంగతి దరఖాస్తులో రాయాల్సిందే. అవి 100 చదరపు అడుగులకు 150 దాకా పడతాయి, రీపర్ల (పెంకులు ఆనే అడ్డపట్టీల) మధ్య 12 నుంచి 12.5 అంగుళాల ఎడం చాలు.

గార దగ్గర మాత్రం గట్టిగా చెప్తున్నా: మట్టిగోడ మీద సిమెంటు వద్దు. పునాది నుంచి ఎక్కే చెమ్మకు బయటికి దారి ఉండదు. రెండు మూడు వానాకాలాలకే కింది రెండు మూడు అడుగులు ఉప్పు పొంగి, గార పెచ్చులుగా రాలిపోతుంది. పెచ్చుతో పాటు గోడ మట్టీ ఊడివస్తుంది, అదే అసలు నష్టం. సున్నం కనీసం 15 రోజులు నానాలి. ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్లు ఇసుక, అందులో కొంత ఇటుకపొడి. ఒక్కో పూత 10, 12 మిల్లీమీటర్లు మించకూడదు. వారం రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచాలి, ఎండ సూటిగా తగిలితే జుట్టులాంటి పగుళ్లు వస్తాయి. పైన ప్లాస్టిక్ పెయింటు కాదు, సున్నమే కొట్టండి.

ఓరుగల్లు_ప్లాను
జత చేయాల్సినవి: హక్కు పత్రం, 1992కు ముందు ఇల్లు ఉందనడానికి ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, లేదా షెడ్యూలులో ఇల్లు అని రాసున్న పాత దస్తావేజు, ఇప్పటి ఎలివేషన్ (ఇల్లు ఎదురుగా కనిపించే తీరు గీసిన డ్రాయింగు), మార్చాక ఎలివేషన్, రెండూ ఒకే స్కేలులో, దూరం చూపే మ్యాపు. ఇంటి నాలుగు వైపుల ఫొటోలు పెట్టండి, కోటగోడ కూడా ఫ్రేములో పడేట్టు ఒకటి తప్పకుండా ఉండాలి. ఎత్తు రాసేటప్పుడు పిట్టగోడ, మెట్లగది, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపి మొత్తం ఎత్తే రాయండి. ట్యాంకు వదిలేస్తే అనుమతిలో వచ్చిన ఎత్తులో ట్యాంకుకు చోటే ఉండదు.

దరఖాస్తు అందిన 15 రోజుల్లో కాంపిటెంట్ అథారిటీ (ఈ చట్టం కింద దరఖాస్తులు తీసుకునే అధికారి) దాన్ని జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. వాళ్లకు రెండు నెలలు. అభిప్రాయం వచ్చాక ఇచ్చేదీ లేనిదీ నెలలో చెప్పాలి. ఇది చట్టం రాసుకున్న గడువు. కాగితం తక్కువైతే ఇంకా జరుగుతుంది, అందుకే పెంకుల పని వానలకు ముందు అవ్వాలంటే దసరా నాటికే ఫైలు పెట్టేయండి.

పాత_లోగిలి
స్థలం 70 గజాలే. 75 గజాల లోపు రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలంటారు కదా?

రేవతి_డ్రాయింగ్స్
అది బీపాస్‌లో, అంటే తెలంగాణ భవన అనుమతుల విధానంలో, మున్సిపల్ వెసులుబాటు. 1958 నాటి కేంద్ర చట్టానికీ దానికీ సంబంధం లేదు. రూపాయి రసీదు చూపించి పని మొదలుపెడితే నోటీసు వస్తుంది. రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పురావస్తు చట్టం కింద అనుమతి (ఎన్ఓసీ) వచ్చాకే మున్సిపల్ దరఖాస్తు, రెండింటికీ ఒకే డ్రాయింగు వాడండి.

అరుగు మీద గ్రిల్లును గోడకు బిగించకండి, రెండు స్తంభాల మధ్య ఊడదీసే ఫ్రేములా డ్రాయింగులో చూపించండి. పాత చెక్క స్తంభానికి బోల్టు రంధ్రం పడకుండా రాతి పీట దగ్గరే క్లాంపు వేస్తే సరిపోతుంది.