1914 జూలైలో యుద్ధాన్ని ఆపే వీలుండేదా? దాని పర్యవసానాలు ఎంత దూరం వచ్చాయి?

ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని, గుంటూరు

నమస్కారం. మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలుగా సామ్రాజ్యవాదం, సైనికవాదం, రహస్య ఒప్పందాలు, ఉగ్ర జాతీయవాదం అని బోర్డు మీద నాలుగు మాటలు రాసి, తక్షణ కారణంగా సరయేవో హత్యను చేర్చి పాఠం ముగించడం మన బడుల్లో ఆనవాయితీగా వస్తోంది. ఆ నాలుగూ అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా ఉన్నవే కదా, 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలుపుకున్నప్పుడు గానీ 1912–13 బాల్కన్ యుద్ధాలప్పుడు గానీ రాని మహాయుద్ధం 1914లోనే ఎందుకు వచ్చిందని ఈసారి ఒక విద్యార్థిని అడిగింది. ఆ అమ్మాయికి తృప్తికరమైన సమాధానం చెప్పాలని నా కోరిక. అలాగే, వర్సైల్స్ సంధే రెండో ప్రపంచ యుద్ధానికి కారణమన్న మాట ఎంతవరకు నిజమో కూడా తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1: దౌత్య చరిత్ర విద్యార్థి

మేడమ్, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న చరిత్రకారులు నూరేళ్లుగా వాదించుకుంటున్న ప్రశ్నే. ఆ నాలుగు మాటలూ యుద్ధం ఎలా సాధ్యమైందో చెబుతాయి గానీ, ఆ వేసవిలోనే ఎందుకు జరిగిందో చెప్పవు. అది తెలియాలంటే జూన్ 28 నుంచి ఆగస్టు 4 వరకు గడిచిన ఐదు వారాలను దగ్గరగా చూడాలి.

సరయేవోలో సెర్బ్ జాతీయవాది గావ్రిలో ప్రిన్సిప్ ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను, ఆయన భార్య సోఫీని కాల్చి చంపిన తర్వాత కొన్ని రోజులు ఐరోపా సానుభూతి ఆస్ట్రియా వైపే ఉంది. అప్పుడే సెర్బియా మీదికి దిగి, త్వరగా ముగించి ఉంటే అది మరో బాల్కన్ యుద్ధంగానే మిగిలి ఉండేదేమో. కానీ జూలై 5, 6 తేదీల్లో జర్మనీ నుంచి షరతులు లేని మద్దతు హామీ దొరికాక కూడా వియన్నా తటపటాయించింది; హంగరీ ప్రధాని టిస్సా మొదట యుద్ధాన్ని వ్యతిరేకించాడు. చివరికి జూలై 23న, 48 గంటల గడువుతో, సెర్బియా పూర్తిగా ఒప్పుకోలేని విధంగా రాసిన అల్టిమేటం పంపారు. సెర్బియా చాలావరకు తలవంచింది. ఆ జవాబును జూలై 28 ఉదయం చదివిన జర్మన్ చక్రవర్తి కైజర్ విలియం, ఇక యుద్ధానికి కారణమే లేకుండా పోయిందన్న అర్థంలో ఆ కాగితం మీద తన అభిప్రాయం రాశాడు. అదే రోజు ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. అంతకు రెండు రోజుల ముందు బ్రిటిష్ విదేశాంగ మంత్రి గ్రే ప్రతిపాదించిన నాలుగు రాజ్యాల సమావేశాన్ని జర్మనీ తోసిపుచ్చకుండా ఉంటే చర్చలకు చోటు దొరికేది.

ఆ తర్వాత పగ్గాలు సైనిక ప్రణాళికల చేతికి వెళ్లాయి. రష్యా జార్ నికొలస్ జూలై 29న సార్వత్రిక సైనిక సమీకరణకు ఇచ్చిన ఉత్తర్వును కైజర్ టెలిగ్రాం చూసి అదే రాత్రి ఆపించాడు. మర్నాడు మంత్రులు, సేనానులు నచ్చజెప్పడంతో మళ్లీ సమ్మతించాడు. జర్మనీ దగ్గర ఉన్న ప్రణాళిక ఒక్కటే: రష్యా సిద్ధమయ్యేలోగా బెల్జియం మీదుగా వెళ్లి ఫ్రాన్స్‌ను ఓడించడం. ఆగస్టు 1న, ఫ్రాన్స్ తటస్థంగా ఉండవచ్చన్న తప్పుడు ఆశతో, సైన్యమంతటినీ తూర్పుకు తిప్పమని కైజర్ అడిగినప్పుడు, వేల రైళ్ల వేళలతో ఏడాది పొడవునా తయారుచేసిన ఏర్పాటును అప్పటికప్పుడు మార్చలేమని సేనాధిపతి మోల్ట్‌కే చెప్పాడు. పడమటి వైపు దండయాత్ర అలాగే సాగింది. ఆగస్టు 4న జర్మన్ సేనలు బెల్జియంలో అడుగుపెట్టాయి. 1839 నాటి ఒప్పందం ప్రకారం బెల్జియం తటస్థతకు హామీదారుగా ఉన్న బ్రిటన్ ఆ రాత్రే యుద్ధంలోకి దిగింది.

1908లో రష్యా జపాన్ చేతిలో ఓడి బలహీనంగా ఉంది కాబట్టి వెనక్కి తగ్గింది. 1914లో మరోసారి తగ్గితే అగ్రరాజ్యంగా మిగలమని అక్కడి పాలకులు భయపడ్డారు. కొన్నేళ్లు ఆగితే రష్యా తమను మించిపోతుందని జర్మన్ సేనానులూ అంతే భయపడ్డారు. మీ విద్యార్థినికి చెప్పవలసిన తేడా ఇదేనని నా అభిప్రాయం.

సమాధానం 2: ఆర్థిక శాస్త్ర అధ్యాపకుడు

వర్సైల్స్ గురించి నాలుగు మాటలు. సంధి మీద సంతకాలు జరిగిన 1919 జూన్ 28, సరయేవో హత్యకు సరిగ్గా ఐదేళ్లు నిండిన రోజు. యుద్ధ నష్టానికి జర్మనీ, దాని మిత్రులే బాధ్యులన్న 231వ అధికరణం జర్మన్లను తీవ్రంగా గాయపరిచింది. 1921లో నష్టపరిహారాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా నిర్ణయించారు. అయితే అందులో నిజంగా వసూలు చేయాలని చూసింది 5,000 కోట్లే. మిగతాది విజేత దేశాల ప్రజలను ఊరడించడానికి కాగితం మీద ఉంచిన అంకె. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలు చెప్పకపోవడం విచారకరం.

చెల్లింపులు ఆలస్యమయ్యాయని 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు జర్మనీలోని రూర్ పారిశ్రామిక ప్రాంతాన్ని ఆక్రమించాయి. దానికి నిరసనగా పని మానేసిన కార్మికులను పోషించడానికి జర్మన్ ప్రభుత్వం నోట్లు ముద్రిస్తూ పోయింది. ఆ నవంబరు నాటికి ఒక డాలరు 4,20,000 కోట్ల మార్కులు పలికింది. జీవితమంతా కూడబెట్టిన మధ్యతరగతి పొదుపు ఆవిరైపోయింది. ఇంత జరిగినా 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతమే. 1929 ఆర్థిక మాంద్యం తర్వాత, నిరుద్యోగుల సంఖ్య 60 లక్షలకు చేరిన 1932లో, అది 37.3 శాతమైంది. కాబట్టి సంధి నుంచి హిట్లర్ దాకా నేరుగా గీత గీయడం సరికాదు.

నా దృష్టిలో సంధి షరతుల కంటే యుద్ధం ముగిసిన తీరే ఎక్కువ హాని చేసింది. 1918 సెప్టెంబరు 29న యుద్ధ విరమణ కోరాలని పట్టుబట్టింది సేనాని లూడెన్‌డార్ఫ్. నవంబరు 11న సంతకం పెట్టవలసి వచ్చింది మాత్రం పౌర నాయకుడు ఎర్జ్‌బెర్గర్. అప్పటికి జర్మన్ సైన్యం ఇంకా పరాయి నేల మీదే ఉండడంతో, సైన్యం ఓడలేదనీ ఇంటి దొంగలు వెన్నుపోటు పొడిచారనీ ప్రచారం చేయడం తేలికైంది. 1921లో ఎర్జ్‌బెర్గర్‌ను హత్య చేశారు.

సమాధానం 3: చెన్నై నుంచి ఒక తెలుగు పాఠకురాలు

పర్యవసానాలను ఐరోపాకే పరిమితం చేయకండని మనవి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవు పక్కనున్న చమురు ట్యాంకులను పేల్చి తగలబెట్టింది. కోస్తా, సీమ జిల్లాలకు రాజధాని అప్పుడు మద్రాసే. నిజాం హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన దక్కన్ హార్స్ దళం 1916 జూలైలో ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో గుర్రాల మీద దాడికి వెళ్లింది. మొత్తం మీద 13 లక్షలకు పైగా భారతీయులు ఆ యుద్ధంలో పనిచేశారు. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. అంత త్యాగానికి బదులుగా 1919లో దక్కినవి రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్. ముస్లింలకు ఖలీఫా కూడా అయిన, ఓడిన టర్కీ సుల్తాను గతి చూసి ఖిలాఫత్ ఉద్యమం లేచింది. ఆ రెండు ఆవేదనలూ కలిసిన సహాయ నిరాకరణ వేడిలోనే 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశమూ, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి చీరాల–పేరాల పోరాటమూ జరిగాయి.

పశ్చిమాసియా సంగతి మరీ బాధాకరం. 1916లో సైక్స్–పికో రహస్య ఒప్పందంతో బ్రిటన్, ఫ్రాన్స్ అరబ్బుల నేలను కాగితం మీద పంచుకున్నాయి; 1917 నవంబరులో బాల్ఫోర్ ప్రకటన పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం వాగ్దానం చేసింది; అరబ్బులకు స్వాతంత్ర్యం ఆశ చూపించి తిరుగుబాటు చేయించినదీ ఆ బ్రిటనే. ఒకే నేలను ముగ్గురికి మాట ఇచ్చిన ఫలితాన్ని ఈనాటికీ వార్తల్లో చూస్తున్నాం.

ఇక యుద్ధం జరిగిన నేల. బెల్జియంలోని ఈప్ర్ చుట్టుపక్కల రైతులు దున్నుతుంటే ఇప్పటికీ పేలని గుండ్లు బయటపడతాయి. వాటిని పొలం గట్టున కరెంటు స్తంభం దగ్గర పెట్టి కబురు చేస్తే సైనికులు బండి తెచ్చి తీసుకుపోతారు. వాటిలో విషవాయువు నింపినవీ ఉంటాయి. ఫ్రాన్స్‌లో వెర్దూన్ దగ్గర నేలమట్టమైన ఊళ్లు కొన్ని మళ్లీ లేవలేదు. ఒక్క మనిషీ కాపురం లేని ఆ ఊళ్లకు ఈనాటికీ మేయర్లను నియమిస్తూనే ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. చివరికి తప్పు ఎవరిదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. జర్మనీదే అనవచ్చునా?

సమాధానం 1: దౌత్య చరిత్ర విద్యార్థి

జర్మన్ చరిత్రకారుడు ఫ్రిట్జ్ ఫిషర్ 1961లో, ఆధిపత్యం కోసం తన దేశమే ఆ ప్రమాదాన్ని కోరి నెత్తికెత్తుకుందని వాదించినప్పుడు అక్కడ పెద్ద దుమారం రేగింది. తర్వాతివారు రష్యా తొందరపాటును, సెర్బియా సైనిక గూఢచారి శాఖాధిపతి దిమిత్రియెవిచ్ హంతకులకు ఆయుధాలు అందించడాన్ని కూడా లెక్కలోకి తెచ్చారు. నా మట్టుకు నాకు ఆస్ట్రియా, జర్మనీల బాధ్యతే ఎక్కువగా కనిపిస్తుంది. ఎందుకంటే జూలై 28న ఆగే అవకాశం చేతిలో ఉన్నది వాళ్లకే. తరగతిలో జూలై 5, 23, 26, 28, 30, ఆగస్టు 1 తేదీలను బోర్డు మీద రాసి, ఒక్కో తేదీన ఎవరు ఏ నిర్ణయం మార్చుకుంటే యుద్ధం ఆగేదో పిల్లల చేతనే చెప్పించి చూడండి.