"చూపు తగ్గింది" అని ఫ్రెంచ్ డాక్టర్ రాస్తే ఇంగ్లీషులో "విజన్ లాస్" అనొచ్చా?

రాత్రిషిఫ్ట్

హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ పని నాది, అంటే మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చూడటం. ఫ్రాన్స్‌లో ఎవరికైనా మందు పడకపోతే అక్కడి డాక్టర్ రాసిన రిపోర్టును ఇంగ్లీషులోకి మార్చాలి. కిందటి వారం ఒక కేసు వచ్చింది. అందులో "బెస్ బ్రూతాల్ ద లాక్యుయితే విజ్యుయెల్" అని ఉంది. ఎడమ కన్ను, 10/10 నుంచి 4/10కి. నేను "సడెన్ డిక్రీజ్ ఇన్ విజువల్ అక్యూయిటీ" అని రాశాను. రివ్యూలో దాన్ని కొట్టేసి "సడెన్ విజన్ లాస్" అని పెట్టారు. కోడింగ్ (రిపోర్టులోని మాటకి జాబితాలోని పదం పెట్టడం) చేసే అబ్బాయి ఆ రెండు మాటలే చూసి "బ్లైండ్‌నెస్" అని కోడ్ చేశాడు. దాంతో కేసు సీరియస్ అయిపోయి అధికారులకి రిపోర్టు పంపే 15 రోజుల గడువు మొదలైంది. ఆ మనిషికి గుడ్డితనం రాలేదు మహాప్రభో!

మా అమ్మమ్మకి శుక్లాలు ముదిరినప్పుడు "చూపు ఆనట్లేదే" అనేది. "చూపు పోయింది" అని ఒక్కనాడూ అనలేదు, అనడానికి ఎవరినీ ఒప్పుకోలేదు కూడా. తగ్గడం వేరు, పోవడం వేరు కదండీ. ఫ్రెంచ్‌లో "బెస్" అంటే తగ్గడమే. మరి ఇంగ్లీషుకి వచ్చేసరికి పోగొట్టేయడం ఏమిటి?

ఓపీడీ_గుంటూరు

కంటి డాక్టర్ని. మీ రివ్యూయర్‌దే కరెక్ట్ అంటాను, తిట్టుకోకండి.

ఇంగ్లీషు వైద్యంలో "విజన్ లాస్" అంటే మొత్తం పోవడం అని కాదు. కొంచెం తగ్గినా అదే మాట. "సడెన్ పెయిన్‌లెస్ విజన్ లాస్" అని మాకు పాఠమే ఉంటుంది. రెటీనా ధమని మూసుకుపోవడం, రెటీనా ఊడటం, లోపల రక్తస్రావం అన్నీ దాని కిందికే వస్తాయి. ఆ పేషెంట్లలో సగం చూపుతో వచ్చేవాళ్లూ ఉంటారు. మీరు రాసింది తప్పు కాదు గానీ అనువాదం వాసన కొడుతోంది. తప్పు చేసింది కోడింగ్ అబ్బాయి. ఇంకో మాట, ఉన్నట్టుండి 10/10 నుంచి 4/10కి పడితే అది ఎలాగూ సీరియస్‌గా చూడాల్సిన కేసే.

రాత్రిషిఫ్ట్

సీరియస్ కావచ్చు డాక్టర్ గారూ, కాదనను. కానీ ఏ పేరుతో సీరియస్ అన్నది ముఖ్యం. రేపు ఆ మందు మీద "బ్లైండ్‌నెస్" కేసులు ఎన్ని అని ఎవరైనా లెక్క తీస్తే ఇదీ అందులో కలుస్తుంది. మేం కోడింగ్‌కి వాడే వైద్య పదాల జాబితా మెడ్‌డ్రాలో "విజువల్ అక్యూయిటీ రెడ్యూస్డ్" అని విడిగా ఒక పదం ఉందాయె. వాసన కొట్టినా సరే, నాకు లెక్క తప్పకూడదు.

కొత్తగా_చేరా

మధ్యలో దూరుతున్నందుకు సారీ అండి. అక్కడి డాక్టర్లు అంత పొడుగ్గా ఎక్కడ రాస్తారు, చూపు తగ్గిందనడానికి "బీఏవీ" అని మూడక్షరాలు గీకి ఊరుకుంటారు. చేరిన మొదటి నెలలో నేను దాన్ని గుండె జబ్బు చేశాను. ఫ్రెంచ్ గుండె డాక్టర్లకి అదే బీఏవీ అంటే ఏవీ బ్లాక్, గుండెలో విద్యుత్ సంకేతానికి అడ్డు అట. ఇంగ్లీషులో వెతికితే బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్ అని ఒక గుండె కవాటం లోపం వచ్చింది. పేషెంటేమో కళ్లు మసకలని వచ్చిన ముసలాయన. పై లైన్లో కంటి పేరు ఉంది, చూసుకోలేదు. ఎడమ కంటికి వాళ్లు "ఓజీ" అని రాస్తారు, ఇంగ్లీషులో "ఓఎస్" అనాలి. అది కూడా అప్పుడే తెలిసింది.

లియోన్_బెజవాడ

ఇక్కడ ఫ్రాన్స్‌లో, లియోన్‌లో ఆసుపత్రి కాగితాలు అనువదిస్తూ బతుకుతున్నాను. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ "తగ్గింది, పోయింది" అన్న ఒక్క గీతతో పని జరగదు తమ్ముడూ.

ముందు నీకు వ్యతిరేకంగా ఒకటి. ఒక కంటికి కాసేపు తెర పడ్డట్టయి మళ్లీ కనపడితే ఫ్రెంచ్‌లో "సెసితే మోనోక్యులేర్ ట్రాన్సిత్వార్" అంటారు. సెసితే అంటే గుడ్డితనమే. కానీ ఇంగ్లీషులో ఇప్పుడు "ట్రాన్సియెంట్ మోనోక్యులర్ విజన్ లాస్" అని రాయడం మామూలే. అంటే అక్కడ "గుడ్డి" అని ఉన్నచోట ఇక్కడ "లాస్" అంటున్నారు. మాటకి మాట పెడితే నువ్వే దెబ్బ తింటావు.

డాక్టర్ గారికి వ్యతిరేకంగా ఇంకొకటి. వ్యాధుల కోడ్ పుస్తకంలో హెచ్54 పాత శీర్షిక ఫ్రెంచ్‌లో "సెసితే ఎ బెస్ ద లా విజియోఁ", ఇంగ్లీషులో "బ్లైండ్‌నెస్ అండ్ లో విజన్". అక్కడ బెస్‌కి "లాస్" అనలేదు, "లో" అన్నారు. ఇద్దరూ ఇంకా కొట్టుకోండి.

నా దృష్టిలో అసలు ప్రమాదం వేరే ఉంది: "ఎమెరాలోపీ". ఫ్రెంచ్‌లో ఇది రేచీకటి. ఇంగ్లీషులో "హెమెరలోపియా" అంటే దానికి సరిగ్గా తిరగేసి, పగటి వెలుతురులో కనపడకపోవడం! రెటినైటిస్ పిగ్మెంటోసా (రేచీకటి తెచ్చే రెటీనా జబ్బు) ఉన్న మనిషి, చీకటి పడితే గోడ పట్టుకుని నడుస్తాడు. మా దగ్గర ఒకాయన రిపోర్టులో అతనికి పగలు కనపడదని వచ్చింది. స్పెల్లింగ్ ఒకేలా ఉందని ఎవరూ డిక్షనరీ తియ్యలేదు. ఇంగ్లీషులో "నైట్ బ్లైండ్‌నెస్" అనాలి, లేకపోతే "నిక్టలోపియా". పోనీ అని ఆ నిక్టలోపియాని ఫ్రెంచ్‌లోకి తిరిగి మారిస్తే "నిక్తాలోపీ" అవుతుంది, అంటే చీకట్లోనూ బాగా కనపడటం. పిల్లులకి వాడతారు.

ఓపీడీ_గుంటూరు

ఇది నాకూ తెలియదు, థాంక్స్ అండి. ఇరవై ఏళ్లుగా నిక్టలోపియా అనే రాస్తున్నాను.

అయినా నా పాయింట్ వదలను. "అక్యూయిటీ" అంటే నడిమి చూపు, చార్టు మీద అక్షరాలు చదివేది. పక్క చూపు పోయినవాడు చార్టు మొత్తం చదివేసి, బయటికెళ్లి తలుపు తన్నుకుంటాడు. "విజన్ లాస్" అంటే రెండూ కలిసొస్తాయి.

రాత్రిషిఫ్ట్

అదే నేనూ చెప్పేది. ఆ డాక్టర్ కొలిచింది అక్యూయిటీ, రాసింది అక్యూయిటీ. పక్క చూపైతే "ఆంప్యుతాసియోఁ ద్యు షాఁ విజ్యుయెల్" అని రాసేవాడు. (దాన్ని కూడా ఒకరు "ఆంప్యుటేషన్" అనే ఉంచేశారు మా దగ్గర. కాలు తీసేశారేమో అని పక్క టీమ్ ఫోన్ చేసింది. "విజువల్ ఫీల్డ్ డిఫెక్ట్" అంటే సరిపోయేది.) ఆయన చూడని దాన్ని నేనెందుకు కలపాలి?

లియోన్_బెజవాడ

అంకెల సంగతి ఎవరూ ఎత్తలేదేం? 4/10 అని అలాగే వదిలేస్తే అమెరికా వాడికి ఏమర్థమవుతుంది? ఇక్కడ మోన్వాయే చార్టు, పదింట ఎన్ని అని లెక్క. 4/10 అంటే వాళ్ల 20/50, మన 6/15. అద్దాల పవర్‌కి డయాప్టర్ అనే కొలత పెట్టింది కూడా ఆ మోన్వాయేనే, 1872లో. చార్టుకి రెండు అంచుల్లో అక్షరాలు కింది నుంచి పైకి చదివితే ఆయన పేరే వస్తుంది, సరదా మనిషి.

"సెసితే లెగాల్", అంటే చట్టం లెక్కలో గుడ్డితనం, దాని దగ్గరా ఇదే చిక్కు. ఫ్రాన్స్‌లో మంచి కంటి చూపు అద్దాలతో కూడా 1/20 కన్నా తక్కువుండాలి. అమెరికాలో 20/200 చాలు, అంటే ఇక్కడి 1/10. "లీగల్లీ బ్లైండ్" అని రాసి ఊరుకుంటే దేశం మారగానే గీత జరిగిపోతుంది.

ఓపీడీ_గుంటూరు

మన దగ్గరా గుడ్డితనానికి గీత 2017 దాకా 6/60 ఉండేది, తర్వాత 3/60 చేశారు. మీ 1/20 అంటే అదే. సరే, ఒక రాజీ. "విజన్ లాస్" అని రాసినా పక్కనే అంకె ఉండి తీరాలి. అంకె లేకపోతే రాత్రిషిఫ్ట్ గారి మాటే వాడండి.

కొత్తగా_చేరా

అంకె లేకుండా వచ్చేవే ఎక్కువ సార్.

రాత్రిషిఫ్ట్

ఆ కేసు అప్‌డేట్. ఇవాళ ఫాలో-అప్ వచ్చింది, ఎడమ కన్ను 8/10. నేను "విజువల్ అక్యూయిటీ ఇంప్రూవ్డ్ టు 20/25, రిపోర్టెడ్ యాజ్ 8/10" అని రాసి పంపాను. అంకె విషయంలో డాక్టర్ గారి మాట విన్నాను, చూసుకోండి. పాత కోడ్ మార్చమని మెయిల్ కూడా పెట్టాను. రివ్యూ నుంచి జవాబు: "బ్లైండ్‌నెస్ రిజాల్వ్డ్ అని పెడదామా?"

రాని గుడ్డితనం తగ్గిపోయిందట. టీ తాగొచ్చి జవాబు రాస్తాను.