సంక్రాంతి సమస్య: ‘కదలనట్టి రైలు గమ్య మందె’

స్టేషన్‌మాస్టర్ (నిర్వాహకుడు):
అందరికీ భోగి శుభాకాంక్షలు. రాత్రి పాత టైంటేబుల్ తిరగేస్తుంటే ఈ పాదం దానంతటదే తట్టింది. నాకు తెగ నచ్చేసింది, అందుకే ఆలస్యం చేయకుండా పెడుతున్నాను. ఎప్పటిలాగే ఇదే చివరి పాదంగా ఆటవెలది పద్యం పూరించాలి.

కదలనట్టి రైలు గమ్య మందె

పండుగ సమస్యలకు ఎప్పుడూ ఉండే షరతే. పూరణలో రైళ్ళకు సంబంధించిన నిజం ఒకటి ఉండాలి, లేదంటే పదాల ఆటైనా ఉండాలి. కలలో చేరింది అనే పూరణలు వద్దు. పక్క పట్టాల మీద బండి కదిలితే మనదే కదిలినట్టు అనిపించింది అనేవీ వద్దు, అది అందరికీ మొదటి నిమిషంలోనే తట్టే ఊహ. కనుమ రాత్రి దాకా గడువు.

పాతఇంజను:
మాస్టారూ, పాదం చూడగానే అస్సాం గుర్తొచ్చింది.

పడవ యెక్కి నిలిచె బ్రహ్మపుత్రను దాట
వంతె నచటఁ గట్టు వఱకు బండి
చక్ర మొకటి యైనఁ జలియింపకయె యట్లె
కదలనట్టి రైలు గమ్య మందె

సరాయీఘాట్ వంతెన మీద 1962లో రైళ్ళు నడిచేదాకా అమీన్‌గావ్, పాండు రేవుల మధ్య జరిగింది ఇదే. ఇటు ఒడ్డున పట్టాలు, అటు ఒడ్డున పట్టాలు, నడుమ నది. పెట్టెలను పట్టాలు పరిచిన పడవ మీదికి తోసి, అటు ఒడ్డున దింపేవారు.

గార్డుపెట్టె:
ఆహా! ‘చక్ర మొకటి యైనఁ జలియింపకయె’ దగ్గర ఆగిపోయాను. సమస్యలో ఉన్న అసంభవం ఆ ఒక్క మాటతో సంభవం అయిపోయింది. కల్పన ఏమీ లేదు, జరిగినదే చెప్పారు. ఇలాంటి పూరణ కోసమే ఈ షరతు పెట్టుకున్నాం.

కిటికీసీటు:
పాతఇంజను గారూ, చిన్న సందేహం. ‘బ్రహ్మపుత్రను దాట’ దగ్గర గణం సరిపోయిందా? నేను ‘బ్రహ్మపు’ను భగణంగా లెక్కపెట్టాను.

గార్డుపెట్టె:
అమ్మాయీ, పక్కన ‘త్ర’ ఉంది కదా, ‘పు’ గురువు. అది రగణం. లఘువని చదివినా భగణమే కాబట్టి అక్కడ ఇంద్రగణానికి లోటు రాదు. యతి కూడా, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, ప–బ్ర, చక్కగా కుదిరింది.

ఎర్రజెండా:
గణాలు సరే, యతులూ సరే. నిజం మాత్రం సగమే ఉంది. పడవ మీద అటు దాటినవి సరుకు పెట్టెలు. ప్రయాణికులు రేవులో దిగి, సామాను మోయించుకుని స్టీమరెక్కి, అవతలి ఒడ్డున వేరే బండి పట్టుకునేవారు. పద్యంలో ‘బండి’ అని ఊరుకుంటే చదివేవాళ్ళు జనం కూర్చున్న బండే పడవెక్కిందనుకుంటారు. మనుషులతో సహా రైలు ఓడెక్కే చోటు కావాలంటే ఇటలీకి వెళ్ళాలి. విల్లా సాన్ జొవాన్ని దగ్గర రైలును ముక్కలుగా విడదీసి ఓడలోకి ఎక్కించి, జలసంధి దాటించి, మెస్సీనాలో మళ్ళీ కలుపుతారు.

పాతఇంజను:
పద్యంలో ప్రయాణికుడి ఊసే లేదు. ఉన్నది బండి, చక్రం, నది. లేనివాణ్ణి ఎక్కించింది మీరు. నిజాల విషయంలో ఇంత పట్టింపు దసరాకు ఏమైందో! మాస్టారు ‘కృష్ణ దాటెఁ గృష్ణఁ గృష్ణలోన’ అని అంత మంచి పాదం ఇస్తే, కృష్ణ అనే అమ్మాయిని కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో కూర్చోబెట్టి కృష్ణానది దాటించి, సికింద్రాబాద్‌లో దించేశారు. ఆ బండి తిరుపతి నుంచి ఆదిలాబాద్ దాకా పోతుంది. దించకుండా ఉంటే బాసర దగ్గర కృష్ణ గోదావరిని కూడా దాటేది! అంత వింత చేతిలో ఉండగా వదిలేశారు.

ఎర్రజెండా:
అడిగిన పాదంలో ఉన్న నది కృష్ణ. నేను దాటించింది కృష్ణ. గోదావరి కావాలంటే నెల్లూరు దగ్గర పెన్నను కూడా చేర్చాలి, అదీ ఆ దారిలోనే ఉంది. మూడు నదులూ నాలుగు పాదాల్లో పెడితే అమ్మాయికి చోటుండదు.

లూప్‌లైను:
అన్నయ్యలూ, దసరా పద్యం దసరాకే అయిపోయింది. అయినా బాసర ముచ్చట మాత్రం నాకిప్పుడే తెలిసింది. కృష్ణ గోదావరిని దాటడం! దాని మీద వేరే సమస్య ఇవ్వచ్చు మాస్టారూ.

స్టేషన్‌మాస్టర్:
రాసి పెట్టుకున్నాను లూప్‌లైనూ. పాతఇంజను గారూ, ఎర్రజెండా గారి అభ్యంతరం ఒక్క మాటతో తీరిపోతుంది. రెండో పాదం ‘వంతె నచటఁ గట్టు వఱకు గూడ్సు’ అని ముగించండి. అప్పుడది మూడో పాదంలోకి ప్రవహించి ‘గూడ్సు చక్ర మొకటి యైన’ అవుతుంది. గణం అదే, నిజం నిండుగా ఉంటుంది.

పాతఇంజను:
‘గూడ్సు’ బావుంది మాస్టారూ. తీసుకుంటున్నాను.

కిటికీసీటు:
నాదీ ఒకటి. మా ఇంట్లో ఈ రోజు బొమ్మల కొలువు, చిన్నవాడికి భోగిపళ్ళు.

బొమ్మలకొలువందు బుడత పెట్టినయట్టి
రైలుపెట్టె నిండ రేఁగుపండ్లు
శిరసునుండి జాఱి చేరఁగా సరకయి
కదలనట్టి రైలు గమ్య మందె

గార్డుపెట్టె:
ఎంత ముద్దుగా ఉందమ్మా! పిల్లవాడి తల మీద పోసిన పళ్ళు దొర్లుకుంటూ వచ్చి కొలువులోని బొమ్మరైలు నింపాయి. సరుకే బండిని వెతుక్కుంటూ వచ్చింది. ఆ తిరగేత అసలైన పూరణ. కానీ రెండో పాదం చూడు, ‘రై’కి ‘రే’ యతి చెల్లదు. ఐకారం అ, ఆ, ఔలతోనే కలుస్తుంది. ఏకారం వేరే గూటిది.

లూప్‌లైను:
చదువుతుంటే చెవికి తేడా తెలియలేదు. రెండూ ‘ర’లే కదా అనుకుంటాం, కానీ యతికి హల్లుతోపాటు అచ్చూ కుదరాలి. రైలు మీద రాసే ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ‘రై’ దగ్గర పట్టాలు తప్పుతారు.

గార్డుపెట్టె:
ఇలా మారిస్తే చూడు. ‘రేఁగు’ పోయినా ‘భోగి’ వస్తుంది, పండుగ పేరే పద్యంలోకి వచ్చేస్తుంది.

రైలుపెట్టె నిండ రాలె భోగి
పండ్లు శిరసునుండి వడిగా సరకు లయి

ఎర్రజెండా:
గార్డుపెట్టె గారి సవరణ మూలం కన్నా బాగుంది. ముఖ్యంగా ‘భోగి’ దగ్గర పాదం విరిగి ‘పండ్లు’ కింద పాదంలో పడటం, పళ్ళు పడినట్టే ఉంది. అయితే మాస్టారి షరతు ప్రకారం ఇందులో రైలు నిజం ఏది?

స్టేషన్‌మాస్టర్:
పదాల ఆట ఉందండీ. ‘పెట్టె’ బొమ్మల పెట్టె కూడా, రైలుపెట్టె కూడా. నేను అంగీకరిస్తున్నాను. కిటికీసీటూ, చిన్నవాడికి ఆశీస్సులు.

ఎర్రజెండా:
ఇక నాది. దీని కోసం రేణిగుంట నుంచి అరక్కోణం వెళ్ళే దారిలో తమిళనాడు సరిహద్దు దగ్గరికి వెళ్ళాలి.

పేరు చదువుచుండ వేంకటనరసింహ
రాజువారిపేట రైలుబోర్డు
అక్షరములె కదలె నంతమే లేనట్లు
కదలనట్టి రైలు గమ్య మందె

లూప్‌లైను:
అన్నయ్యా!! వేంకటనరసింహరాజువారిపేట! దేశంలో పొడవైన స్టేషన్ పేర్లు ఏవని ఎవరడిగినా మనవాళ్ళంతా చెప్పే పేరు. ఇంగ్లీషులో 28 అక్షరాలు, తెలుగులో 13. ఇన్నేళ్ళుగా క్విజ్‌లలో అడుగుతున్నాం, ఆటవెలదిలో ఇలా ఇమిడిపోతుందని ఒక్కరికీ తట్టలేదు.

గార్డుపెట్టె:
నాకు ఒళ్ళు పులకరించింది. ‘వేంకట’, ‘నరసింహ’ అని రెండు ఇంద్రగణాలు మొదటి పాదం చివర ఆగాయి. ‘రాజు’, ‘వారి’, ‘పేట’ అని మూడు సూర్యగణాలు రెండో పాదం మొదట్లో వచ్చి కూర్చున్నాయి. ఒక్క అక్షరం తీయలేదు, ఒక్కటి కలపలేదు. ఆ ఊరికి పేరు పెట్టినవాళ్ళు ఆటవెలది పాడుకుంటూ పెట్టారేమో! యతులు చూడండి, పే–వే, రా–రై. ఈ ‘రై’ మాత్రం ‘రా’తో సరిగ్గా కలిసింది.
ఇంకో సంగతి. తేటగీతిలోనూ పడుతుంది. ‘రైలు వేంకటనరసింహరాజువారి’ అని ఒక పాదం నిండిపోతుంది, ‘పేట’ కింద పాదం అందుకుంటుంది. రాసేవాళ్ళు రాయండి.

కిటికీసీటు:
మరి ఒడిశాలో ఈబ్ స్టేషన్? అతి చిన్న పేరు అంటారు కదా. అది ఒక్క గురువు, అంతే! ఒకే పద్యంలో రెండూ పెడితే?

గార్డుపెట్టె:
మంచి ఊహ. ఆ గురువు పక్కన లఘువొకటి చేర్చుకుంటే సూర్యగణం సిద్ధం.

పాతఇంజను:
పేరు పద్యంలో ఇమడటం గొప్ప విషయం, కాదనను. కానీ పూరణ మాటేమిటి? రైలు కదులుతోంది, చదివేవాడికి మాత్రం అక్షరాలు కదిలినట్టున్నాయి. మాస్టారు మొదటే వద్దన్న దారి ఇదే కదా. పక్క బండి స్థానంలో బోర్డు వచ్చింది. మొదటి రెండు పాదాలు వజ్రాలు, మూడో పాదం అరువు.

ఎర్రజెండా:
పక్క బండి ఎక్కడైనా ఉంటుంది. ఈ బోర్డు ఒక్కచోటే ఉంటుంది. ఇక్కడ భ్రమ పుట్టించింది పేరు పొడవు. ‘అంతమే లేనట్లు’ అన్నది అందుకే. అది తీసేస్తే మీరన్నట్టు అరువు, ఉంచితే సొంతం.

లూప్‌లైను:
మీరు తేల్చుకునేలోగా నా గళ్ళనుడికట్టు పద్యం కూడా చూడండి.

పండుగ నుడికట్టు పట్టాలు గళ్ళాయె
నిలువు నడ్డ మనెడి నెలవులందుఁ
గలమె కదలె నూరు గళ్ళను దాటించి
కదలనట్టి రైలు గమ్య మందె

ఎర్రజెండా:
సంధి శ్రద్ధగా చేశావు తమ్ముడూ, ‘నెలవులందుఁ గలమె’. అక్కడ ‘కలమె’ అని వదిలేసేవాళ్ళే ఎక్కువ. కానీ నాలుగో పాదంలో రైలు ఎక్కడ నుంచి వచ్చింది? నుడికట్టులో జవాబు రైలు పేరని ఎక్కడా చెప్పలేదు.

పాతఇంజను:
ఈ ఒక్క విషయంలో ఎర్రజెండా గారితో నేనూ ఏకీభవిస్తాను. ఆధారం ఇవ్వకుండా జవాబు అడిగినట్టుంది. గళ్ళల్లో ‘గౌతమి’ అనో ‘గోదావరి’ అనో ఒక బండి పేరు పడనివ్వు, పద్యం నిలబడుతుంది.

లూప్‌లైను:
పట్టాలే గళ్ళయ్యాక వాటి మీద నడిచేది రైలు కాక ఇంకేమిటి అన్నయ్యా? ఆ సూచన చాలనే నా నమ్మకం.

స్టేషన్‌మాస్టర్:
కనుమ రాత్రి అయింది. నా మాట చెబుతాను.
నా దృష్టిలో సమస్యాపూరణం అంటే పాదంలో ఉన్న అబద్ధాన్ని నిజంతో గెలవడం. భ్రమతో గెలిస్తే సమస్య తప్పుకుంటుంది, తీరదు. అందుకే మొత్తం పద్యంగా పాతఇంజను గారిదే ముందు. అందులో రైలు నిజంగానే కదల్లేదు, నిజంగానే చేరింది. ‘గూడ్సు’ సవరణతో చరిత్ర కూడా సరిగ్గా కూర్చుంది, ఆ సవరణకు కారణం ఎర్రజెండా గారి పట్టుదలే.
అయితే ఈ సంక్రాంతికి మనమంతా కంఠస్థం చేసేవి ఎర్రజెండా గారి మొదటి రెండు పాదాలు. ఇప్పటికే నేను నాలుగుసార్లు పైకి చదివాను. ఆ స్టేషన్ బోర్డు ఫొటో ఎప్పుడు కనబడినా ఇక నాకు అది పద్యంలాగే వినబడుతుంది.
కొత్త పాదం:

వెనుక కేఁగి యెక్కెఁ బెద్ద కొండ

డార్జిలింగ్ కొండరైలు జిగ్‌జాగుల్లో వెనక్కి నడిచి పైకెక్కుతుందని అందరికీ తెలుసు. కాబట్టి డార్జిలింగ్ వద్దు.

ఎర్రజెండా:
పాదంలో కర్త లేడు మాస్టారూ, అదే నాకు చోటిచ్చింది. వెనుకకు వెళ్ళేది ఒకటి, కొండ ఎక్కేది ఇంకొకటి ఎందుకు కాకూడదు? ముంబై–పుణె దారిలోని కర్జత్‌లో బ్యాంకర్ ఇంజన్లు రైలు వెనక్కి వెళ్ళి తగులుకుని లోనావలా దాకా ఘాట్ మీదికి తోస్తాయి. ఇంజను వెనుకకు ఏగింది, బండి కొండ ఎక్కింది.

పాతఇంజను:
ఈసారి నిజంలో వంక లేదు. పద్యం పెట్టండి, యతులు నేను చూస్తాను.