డామినోలు: కొత్తవారు ముందు ఇద్దరాట నేర్చుకోవాలా, నేరుగా జతలతో కూర్చోవాలా?

కొత్తబిళ్ళ: మా ఇంట్లో నలుగురం జతలుగా ఆడదామనుకుంటున్నాం. ఇద్దరాట బాగా వచ్చాకే జతల జోలికి వెళ్ళాలని కొందరంటున్నారు. నిజమేనా?

నిదానం: నిజమే. ఇద్దరాటలో తప్పు చేస్తే మీరొక్కరే ఓడిపోతారు. జతలో మీ తప్పుకు ఎదుటి కుర్చీలోని భాగస్వామి కూడా నష్టపోతారు. ఎవరి దగ్గర ఏ బిళ్ళలున్నాయో ఊహించే లెక్క కుదిరాక రండి.

ఎదురుకుర్చీ: నేను ఒప్పుకోను. ఇద్దరాటలో అలవాటయ్యే లెక్క వేరు. అక్కడ వేయడానికి బిళ్ళ లేకపోతే, పంచగా మిగిలిన కుప్పలోంచి తీసుకుంటారు, దాంతో వారి చేతిలో ఏముందో మళ్ళీ తెలియకుండా పోతుంది. నలుగురి ఆటలో 28 బిళ్ళలూ తలా ఏడు చొప్పున పంచేస్తారు, కుప్పే ఉండదు. అందుకే ఎవరైనా పాస్ అన్నారంటే, అంటే వరుస రెండు కొసల్లోని అంకెలకూ కలిసే బిళ్ళ లేక వంతు వదిలేశారంటే, వారి చేతిలో ఆ అంకెలు లేవనడానికి అది గట్టి సాక్ష్యం.

ఒక ఆట చూడండి. మీ భాగస్వామి డబుల్ ఐదుతో (రెండు సగాల్లోనూ ఐదు చుక్కలున్న బిళ్ళ) మొదలుపెట్టారు. ప్రత్యర్థి 5-2 (ఒక సగంలో ఐదు, మరో సగంలో రెండు) వేశారు. మీ చేతిలో వేయడానికి వీలైనవి 5-1, 2-4 మాత్రమే. ఇద్దరాట అలవాటున్నవారు ఏది వేస్తేనేం అనుకుంటారు. కానీ 5-1 వేస్తే భాగస్వామి తెరిచిన ఐదును మీరే మూసేసినట్టు! 2-4 వేయండి. ఇప్పుడు కొసలు ఐదు, నాలుగు. తరువాతి ప్రత్యర్థి పాస్ అంటే వారి దగ్గర ఆ రెండూ లేనట్టే. మీ 5-1 పోగా మిగిలిన నాలుగు ఐదులూ భాగస్వామి దగ్గరో, మొదటి ప్రత్యర్థి దగ్గరో ఉన్నాయి. భాగస్వామి దగ్గర 5-4 ఉంటే రెండు కొసలూ ఐదే అవుతాయి, ఆ తరువాత ఆడాల్సిన మొదటి ప్రత్యర్థి దగ్గర ఐదు లేకపోతే వారూ పాస్ అనక తప్పదు. ఈ ఆనందం ఇద్దరాటలో ఎన్నేళ్ళు ఆడినా దొరకదు.

నిదానం: ఉదాహరణ బాగుంది. కానీ భాగస్వామి తెరిచిన అంకెను ఎప్పుడూ కాపాడాల్సిందేనా? మన బిళ్ళలే ముందు అయిపోయేలా ఉంటే?

ఎదురుకుర్చీ: అప్పుడు మీ ఆటే ముఖ్యం. భాగస్వామీ, వారి తరువాతి ప్రత్యర్థీ వరుసగా పాస్ అన్నారనుకోండి, ఆధిక్యం మీ చేతికి వచ్చినట్టే. ఇకపై వారే మీకు దారి ఇవ్వాలి. ఈ మార్పును పసిగట్టడం జతలో కూర్చుంటేనే వస్తుంది.

కొత్తబిళ్ళ: మరి మొదటి రోజు ఎలా ఆడమంటారు?

ఎదురుకుర్చీ: మొదటి రెండు మూడు ఆటలు నలుగురూ బిళ్ళలు తిప్పి, అందరికీ కనిపించేలా ఆడండి. తరువాత మూసి ఆడండి. ఆట నడుస్తుండగా భాగస్వామికి మాటతో గానీ సైగతో గానీ ఏమీ చెప్పవద్దు. అయిపోయాక మాత్రం ఆ బిళ్ళ ఎందుకు వేశారో తప్పక అడగండి.