చిన్న గదికి 300 వాట్ల యాంప్లిఫయర్ అవసరమా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. విజయవాడలో మూడో అంతస్తులోని మా ఫ్లాట్‌లో, 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఉన్న గదిలో నేను సంగీతం వింటాను. ఛానెల్‌కు 50 వాట్లు ఇచ్చే యాంప్లిఫయర్, 87 డెసిబెల్‌ల సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో వచ్చే ధ్వని) ఉన్న 8 ఓమ్‌ల స్పీకర్లు నా దగ్గర ఉన్నాయి. నేను కూర్చునే చోటు స్పీకర్లకు 9 అడుగుల దూరంలో, వెనక గోడను ఆనుకొని ఉంటుంది. కర్ణాటక కచేరీలలో తని ఆవర్తనం (తాళ వాద్యాలు మాత్రమే వాయించే భాగం) వచ్చినప్పుడు ధ్వని పెంచితే మృదంగం ఎడమ వైపు దెబ్బలు విడివిడిగా కాక ముద్దగా వినిపిస్తున్నాయి. పరిచయస్థులొకరు 20 ఏళ్ల నాటి పెద్ద పవర్ యాంప్లిఫయర్‌ను అమ్ముతామంటున్నారు. ఛానెల్‌కు 300 వాట్లు, బరువు 55 కిలోలు. పాట ఏదీ పెట్టకుండా ఆన్‌లో ఉంచినా 350 వాట్ల కరెంటు తీసుకుంటుందట. దీనితో నా ఇబ్బంది తీరుతుందా? ఇంటి వైరింగ్ దీన్ని తట్టుకుంటుందా?

మొదటి జవాబు

నమస్కారమండి. 50 వాట్ల నుంచి 300 వాట్లకు వెళ్తే శక్తి ఆరు రెట్లు పెరిగినా, ధ్వనిలో వచ్చే తేడా 8 డెసిబెల్‌లకు కాస్త తక్కువే. చెవికి ధ్వని రెట్టింపైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్‌లు కావాలి. మీ స్పీకర్లు రెండూ కలిసి, మీరు కూర్చునే చోట, ఒక్కోదానికి ఒక వాట్ ఇస్తేనే సుమారు 82 డెసిబెల్‌ల ధ్వని ఇస్తాయి. ఇప్పుడున్న 50 వాట్లతోనే 99 దాకా వెళ్లవచ్చు. 100 డెసిబెల్‌ల స్థాయిలో రోజుకు 15 నిమిషాలకు మించి ఉండకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచిస్తుంది. అందువల్ల మీకు వాట్లు చాలడం లేదన్నది నాకు అనుమానమే. అయితే అనుమానంతో కొనడమూ మానడమూ రెండూ సరికావు. మల్టీమీటర్ (వోల్టులు కొలిచే చిన్న మీటరు) ఉంటే పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

మీరు ఎప్పుడైనా విన్నంత గట్టిగా తని ఆవర్తనం పెట్టి, వాల్యూమ్ బటన్‌ను అక్కడే వదిలేయండి. బాస్, ట్రెబుల్ బటన్‌లు మధ్యలో ఉండాలి. పాట ఆపి, యాంప్లిఫయర్‌ను ఆఫ్ చేసి, స్పీకర్ తీగలు విప్పి, మళ్లీ ఆన్ చేయండి. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కు స్పీకర్ లేకపోయినా ప్రమాదం లేదు, కానీ వాల్వ్ (గాజు గొట్టాల) యాంప్లిఫయర్‌తో మాత్రం ఎవరూ ఇలా చేయవద్దు. గరిష్ఠ స్థాయికి 12 డెసిబెల్‌లు తక్కువగా (అంటే వోల్టులలో నాలుగో వంతుగా) రికార్డు చేసిన 120 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని (ఒకే స్థాయిలో మోగే పరీక్ష ధ్వనిని) పెట్టి, మల్టీమీటర్‌ను ఏసీ వోల్టులకు తిప్పి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర కొలవండి. వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చించి, దాని వర్గాన్ని స్పీకర్ ఓమ్‌లతో భాగిస్తే, ఆ వాల్యూమ్ దగ్గర రికార్డింగ్‌లోని అతి పెద్ద శబ్దానికి కావలసిన వాట్లు తెలుస్తాయి. అది 50 లోపు ఉంటే యాంప్లిఫయర్‌లో క్లిప్పింగ్ (శక్తి చాలక ధ్వని తరంగం కొసలు తెగిపోవడం) జరగడం లేదని అర్థం.

పెద్ద యాంప్లిఫయర్లన్నీ ఆడంబరం కోసమేనని నేను అనడం లేదు. 1980లలో అమెరికాలో వచ్చిన అపోజీ సింటిల్లా రిబ్బన్ స్పీకర్ల ఇంపెడెన్స్ (విద్యుత్ ప్రవాహానికి అవి చూపే నిరోధం) 1 ఓమ్ దగ్గరికి దిగేది. వాటిని నడపడానికి అవసరమైన విద్యుత్ ప్రవాహాన్ని సాధారణ యాంప్లిఫయర్లు ఇవ్వలేకపోయేవి కాబట్టి, క్రెల్ వంటి సంస్థలు చేసిన బరువైన యంత్రాలకు నిజమైన పని ఉండేది. భారీ ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కెపాసిటర్లు, పదుల సంఖ్యలో ట్రాన్సిస్టర్లు ఉన్నది ఆ ప్రవాహం కోసమే. అటువంటి స్పీకర్లు ఉన్నవారు, లేదా పెద్ద హాలులో దూరంగా కూర్చొని వినేవారు వాటిని కొనడంలో నాకు తప్పేమీ కనిపించదు. మీ స్పీకర్లు ఆ కోవలోవి కావు.

రెండో జవాబు

పై సభ్యులు చెప్పిన పరీక్ష చేయండి. వైరింగ్ సంగతి నేను చెబుతాను. రోజుకు నాలుగు గంటలు వింటే, పాట ఖర్చు కాకుండానే నెలకు 42 యూనిట్లు అవుతాయి. ఆ 350 వాట్లూ చివరికి గదిలో వేడిగా మారతాయి. ముగ్గురు మనుషులు అదనంగా కూర్చున్నంత వేడి అది. మే నెల విజయవాడ మీకు నేను చెప్పనక్కరలేదు, ఏసీకి ఆ భారం తోడవుతుంది.

అంతకంటే ముఖ్యమైనది స్విచ్ వేసిన క్షణం. పెద్ద టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్, ఖాళీగా ఉన్న కెపాసిటర్లు ఆ క్షణంలో పదుల ఆంపియర్లను లాగుతాయి కాబట్టి, కరెంటును మెల్లగా ఎక్కించే సాఫ్ట్ స్టార్ట్ ఏర్పాటు లేకపోతే 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే ఆగిపోయే స్విచ్) పడిపోవచ్చు. ‘బీ’ రకం ఎంసీబీ తన రేటింగ్‌కు 3 నుంచి 5 రెట్ల దగ్గర, ‘సీ’ రకం 5 నుంచి 10 రెట్ల దగ్గర వెంటనే పడుతుంది. పడుతోంది కదా అని ఎంసీబీని మాత్రమే పెద్దదిగా మార్పించకండి; గోడలో ఉన్న తీగ సన్నదైతే అది వేడెక్కుతుంది, కాపాడవలసిన ఎంసీబీ చూస్తూ ఉంటుంది. సరైన తీగతో వేసిన 16 ఆంపియర్ల పాయింటు, మంచి ఎర్తింగ్ ఉండాలి. వెనక ప్లేటు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. 120 వోల్టుల అమెరికా సెట్ అయితే దానికి తగిన పెద్ద స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కి, మూలుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి కొలిచాను. నేను ఎన్నడూ దాటని వాల్యూమ్ దగ్గర మీటర్ 1.9 వోల్టులు చూపింది. నాలుగు రెట్లు చేస్తే 7.6, 8 ఓమ్‌లకు లెక్కవేస్తే 7 వాట్ల పైచిలుకు మాత్రమే వచ్చింది. ఈ అంకె చూసి నాకే నమ్మకం కలగక, రెండో ఛానెల్ కూడా కొలిచాను, అదే వచ్చింది. మరి మృదంగం ఎందుకు ముద్దగా ఉంది?

మొదటి జవాబు ఇచ్చినవారు

స్పీకర్ ఇంపెడెన్స్ కొన్ని చోట్ల 4 ఓమ్‌లకు దిగుతుందనుకున్నా 15 వాట్లు దాటదు. కాబట్టి యాంప్లిఫయర్ నిర్దోషి. గదిని చూడండి. 14 అడుగుల పొడవులో సుమారు 40 హెర్ట్జ్, 80 హెర్ట్జ్‌ల దగ్గర ధ్వని రెండు గోడల మధ్య నిలిచిపోయి, గోడను ఆనుకొని కూర్చున్నవారికి మరీ పెద్దదై వినిపిస్తుంది. ఒక దెబ్బ ఆరకముందే ఇంకొకటి పడుతుంది, ముద్ద అదే. మీ కుర్చీని గోడ నుంచి మూడు అడుగులు ముందుకు జరపండి. స్పీకర్లు అలమారాలోనో మూలలోనో ఉంటే బయటికి తీసి, స్టాండ్ల మీద, వెనక గోడకు రెండు అడుగుల ఎడంగా పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అవి నిజంగానే అలమారాలో ఉన్నాయండి. బయటికి తీసి, కుర్చీ జరిపి విన్నాను. ముద్ద పూర్తిగా పోలేదు గానీ, గుమికీలలోని (ఎడమ వైపు జారుతూ మోగే దెబ్బలలోని) జారుడు ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. యాంప్లిఫయర్ కొనడం మానుకున్నాను. పెద్ద హాలు ఉన్న మా మిత్రులొకరు దాన్ని తీసుకోవాలనుకుంటున్నారు. ఆయన ఏమి చూసుకోవాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు

అరగంట ఆన్‌లో ఉంచి, స్పీకర్లు తగిలించకుండా టెర్మినల్స్ దగ్గర డీసీ మిల్లీవోల్టులు కొలవమనండి. 50 లోపు ఉంటే ఫరవాలేదు. అంతకు మించి ఉంటే స్పీకర్లు తగిలించవద్దు. రెండు వైపుల హీట్ సింక్‌ల (వేడిని బయటికి పంపే లోహపు రెక్కల) వేడి సమానంగా ఉండాలి. 20 ఏళ్ల కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు కాబట్టి, వాటిని మార్చే ఖర్చును బేరంలోనే కలుపుకోవాలి. ప్లగ్ పీకేసినా ఆ కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది, మూత మాత్రం తెలిసిన మెకానిక్కే తీయాలి. 55 కిలోలను మెట్ల మీద మోయడానికి ఇద్దరు మనుషులను ముందే మాట్లాడుకోమనండి.